తెల్లనివన్నీ మంచు కావు

తెలుగులో ‘మంచు’ అనే ఒక్క మాట చాలా పనులు చేస్తుంది. తెల్లవారుజామున గడ్డిపోచ చివర నిలిచే బొట్టు మంచే. ఎదుటి మనిషి కనపడకుండా దారంతా కమ్మేసేదీ మంచే. కొండల మీద కురిసేదీ, సరస్సు మీద గడ్డకట్టేదీ కూడా మంచే. ఖరీదైన చేతి వాచీలు తయారుచేసేవాళ్లకు మాత్రం ఇవన్నీ విడివిడిగా కావాలి. శీతాకాలాన్ని గుర్తుచేసే డయల్ చేయాలనుకుంటే వాళ్లు మొదట తేల్చుకోవాల్సింది ఒక్కటే: ఇది ఏ మంచు? కురిసిందా, గడ్డకట్టిందా, పొగలా కమ్మిందా, నూగులా పట్టిందా?

ఈ ప్రశ్న వేసుకోకుండా చేసిన వాచీలు చాలానే ఉన్నాయి. ఆర్కిటిక్, పోలార్, గ్లేసియర్, ఐస్ లాంటి పేర్లు ఇప్పుడు ప్రతి బ్రాండ్ దగ్గరా కనిపిస్తాయి. వాటిలో కొన్నింటిని చూడగానే చలిగాలి ముఖానికి తగిలినట్టు ఉంటుంది. కొన్నింటిని ఎంతసేపు చూసినా గోడకు సున్నం కొట్టినట్టే ఉంటుంది. రెండూ తెలుపే, రంగుడబ్బాలో చూస్తే రెండింటికీ పెద్ద తేడా కూడా ఉండదు. తేడా అంతా వెలుతురు ఆ ఉపరితలం మీద పడ్డాక ఏమవుతుందన్న దాంట్లో ఉంది.

అసలు మంచుకు తెల్లరంగు లేదు. ఒక్క మంచు స్ఫటికాన్ని విడిగా చూస్తే అది గాజుముక్కలా పారదర్శకంగా ఉంటుంది. అలాంటి స్ఫటికాలు లెక్కలేనన్ని ఒకదాని మీద ఒకటి పడి, మధ్యలో గాలి చిక్కుకున్నప్పుడు, వెలుతురు ప్రతి అంచు దగ్గరా కొంత వెనక్కి, కొంత పక్కకు చెదురుతుంది. అన్ని రంగులూ దాదాపు సమానంగా చెదిరి బయటికి వస్తాయి కాబట్టి కంటికి తెల్లగా కనిపిస్తుంది. పంచదార పలుకును ఒక్కదాన్ని తీసి చూస్తే నీళ్లలా ఉంటుంది, కుప్ప పోస్తే తెల్లగా ఉంటుంది కదా, ఇదీ అంతే. అదే మంచు దట్టంగా గడ్డకట్టి, లోపలి గాలి బుడగలు పోయాక కథ మారుతుంది. ఇప్పుడు వెలుతురు లోపలికి చాలా దూరం వెళ్లగలదు. ఆ ప్రయాణంలో ఎరుపు కొంచెం ఎక్కువగా ఇంకిపోతుంది, నీలం మిగులుతుంది. హిమానీనదాల పగుళ్లలో కనిపించే ఆ లేతనీలం అలా వచ్చిందే. అంటే మంచు తెలుపు, మంచు నీలం రెండు వేర్వేరు రంగులు కావు. ఒకే పదార్థంలో వెలుతురు నడిచిన రెండు దారులు.

డయల్ మీద నున్నగా తెల్ల పెయింటు వేస్తే మంచు ఎందుకు కనిపించదో దీంతో అర్థమవుతుంది. నున్నటి పెయింటులో వెలుతురు ఎటు చూసినా ఒకేలా తిరిగొస్తుంది. మంచులో అలా కాదు. తల కొంచెం వంచితే ఒకచోట మెరుపు వస్తుంది, ఇంకోచోట నీడ పడుతుంది.

ఈ విషయాన్ని అందరికన్నా బాగా పట్టుకున్నది జపాన్‌కు చెందిన గ్రాండ్ సీకో. వాళ్ల ఎస్‌బీజీఏ211 మోడల్‌ను వాచీలు సేకరించేవాళ్లు ‘స్నోఫ్లేక్’ అని పిలుస్తారు. నగానో ప్రిఫెక్చర్‌లో, అంటే మన రాష్ట్రం లాంటి ఒక ప్రాంతంలో, షియోజిరి దగ్గర వాళ్ల షిన్షు వాచ్ స్టూడియో ఉంది. అక్కడికి కనిపించే హొటాకా పర్వతాల మీద గాలికి గట్టిపడిన మంచు ఈ డయల్‌కు మూలం. 2017లో గ్రాండ్ సీకో విడి బ్రాండ్‌గా మారినప్పుడు ఈ మోడల్ పాత ఎస్‌బీజీఏ011 స్థానంలోకి వచ్చింది. డయల్ మీద సీకో పేరు పోయి గ్రాండ్ సీకో పేరు పైకెక్కింది, మంచు మాత్రం అలాగే ఉండిపోయింది.

ఈ డయల్‌లో గొప్పతనం ఏమిటంటే దాని తెలుపులో తెల్ల పెయింటు లేదు. లోహపు పలక మీద ముందు సన్నటి ఎగుడుదిగుడులు తెస్తారు. దానిమీద వెండిపూత వేస్తారు. ఆ వెండి సన్నటి గతుకుల మీద వెలుతురును చెదరగొట్టి తెల్లగా కనిపిస్తుంది. అంటే నిజమైన మంచు తెల్లగా కనిపించే పద్ధతే ఇక్కడా పనిచేస్తోంది. ఇది కేవలం మంచును పోలిన బొమ్మ కాదు, మంచు చేసే పనిని లోహంతో చేయించడం. దూరం నుంచి చూస్తే ఉత్త తెల్ల డయల్. చేతిని ముఖానికి దగ్గరగా తెచ్చుకుంటే రాత్రంతా గాలి దువ్విన మంచుమైదానం కనిపిస్తుంది. ధర ఎంతైనా, రాళ్లు ఎన్ని పొదిగినా, చాలా వాచీలకు ఇలా రెండు దూరాల్లో రెండు రకాలుగా కనిపించే గుణం ఉండదు.

దీని సెకన్ల ముల్లు కూడా ప్రత్యేకమైనదే. స్ప్రింగ్ డ్రైవ్ అనే యంత్రం వల్ల అది టిక్కుటిక్కుమని అడుగులు వేయదు, ఆగకుండా జారుతుంది. లోపల శక్తి ఇచ్చేది మామూలు చుట్టస్ప్రింగే. వేగాన్ని అదుపు చేసేది మాత్రం క్వార్ట్జ్ స్ఫటికం, విద్యుదయస్కాంత బ్రేకు. సెకనుకు 8 సార్లు తిరిగే ఒక చక్రాన్ని ఆ బ్రేకు పట్టి పట్టి వదులుతుంది. నెలకు 15 సెకన్లకు మించి తేడా రాదని కంపెనీ చెప్పే లెక్క. ఒకసారి పూర్తిగా తిప్పితే 72 గంటలు నడుస్తుంది. ఈ లెక్కలన్నీ పక్కన పెట్టినా, చప్పుడు లేకుండా కురిసే మంచు పక్కన చప్పుడు లేకుండా జారే ముల్లు ఉండటం చక్కగా కుదిరింది.

ఆ ముల్లు నీలంగా ఉంటుంది. అది పెయింటు కాదు. ఉక్కును దాదాపు 300 డిగ్రీల సెల్సియస్ దాకా వేడిచేస్తే పైన సన్నటి ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది. పొర మందం పెరిగేకొద్దీ ముందు గడ్డిరంగు, తర్వాత గోధుమ, ఊదా, చివరికి నీలం కనిపిస్తాయి. క్షణం ఆలస్యమైతే నీలం దాటిపోయి బూడిదరంగులోకి వెళ్తుంది. మొత్తం డయల్ మీద చలిని పుట్టించే ఆ ఒక్క గీత నిప్పులోంచి వచ్చిందే. నీలం లేకపోతే ఈ తెలుపు అంత తెల్లగా కనిపించదు కూడా. ఎండపడిన మంచు మీద నీడలు నీలంగా ఉంటాయి. ఆ సంగతి కంటికి ఎప్పటినుంచో తెలుసు.

తెల్ల డయల్‌కు ఒక చిక్కు ఉంది, దాని గురించి అమ్మేవాళ్లు పెద్దగా చెప్పరు. తెల్లటి పలక మీద వెండిరంగు ముళ్లు పెడితే కొన్ని వెలుతురుల్లో టైం కనపడదు. మంచుతుపానులో నేల ఏదో ఆకాశం ఏదో తెలియనట్టు ముల్లు డయల్‌లో కలిసిపోతుంది. అందం కోసం కొన్న వాచీ టైం చూసుకోవడానికి పనికిరాకపోతే అది లోపమే, ఎంత పెద్ద పేరున్నా లోపమే. గ్రాండ్ సీకో ముళ్లను పదునైన అంచులతో కోసి, ఒక వైపు మెరుస్తుంటే ఇంకో వైపు నల్లబడేలా చేసి ఈ సమస్యను దాటింది.

రోలెక్స్ ఎక్స్‌ప్లోరర్ 2 వేరే దారి తొక్కింది. 1971లో వచ్చిన ఈ మోడల్‌కు 24 గంటల ముల్లు ఉంటుంది. గుహల్లోనో, ధ్రువ ప్రాంతాల్లోనో పగలూ రాత్రీ తేడా తెలియనివాళ్లకు ఇప్పుడు ఉదయం పదా, రాత్రి పదా అన్నది చెప్పడమే దాని పని. 1980ల మధ్యలో 16550 నంబరుతో తెల్ల డయల్ రకం వచ్చింది. అభిమానులు దానికి ‘పోలార్’ అని పేరు పెట్టుకున్నారు. ఇప్పటి మోడల్‌లో ముళ్లకూ గంటల గుర్తులకూ నల్లటి అంచు ఉంటుంది, 24 గంటల ముల్లు నారింజరంగులో ఉంటుంది. తెల్లటి మంచులో నారింజరంగు టెంటు ఎంత దూరం నుంచైనా కనిపించినట్టు అది కనిపిస్తుంది. ఇందులో కవిత్వం తక్కువే, అయినా మంచులో నిజంగా నడిచేవాడికి కావాల్సింది ఇదే. అన్నట్టు, ఆ తొలి 16550 తెల్ల డయళ్లలో చాలావాటి పెయింటు ఏళ్లు గడిచేకొద్దీ మీగడరంగుకు తిరిగింది. తయారీలో అది లోపం. సేకరించేవాళ్లు ఇప్పుడు వాటికోసమే వెతుకుతున్నారు. కానీ మీగడరంగుకు తిరిగిన డయల్‌లో శీతాకాలం మిగల్లేదు, పాత కాగితం గుర్తొస్తుంది.

తెలుపులో వెచ్చదనం, చల్లదనం ఇంత దగ్గరగా ఉంటాయి. పాల తెలుపు, మల్లె తెలుపు, వెన్నెల తెలుపు, సున్నపు తెలుపు అని విడదీసి చెప్పుకునేవాళ్లకు ఇది కొత్త కాదు. కొంచెం పసుపు కలిస్తే పాలు, కొంచెం నీలమో బూడిదో కలిస్తే మంచు. అందుకే గ్రాండ్ ఫూ ఎనామెల్ డయల్ ఎంత అందంగా ఉన్నా దాన్ని శీతాకాలపు వాచీ అనడం కష్టం. గాజుపొడిని లోహం మీద చల్లి, దాదాపు 800 డిగ్రీల వేడిలో కరిగించి, ఆరబెట్టి, మళ్లీ చల్లి, మళ్లీ కాల్చి చేసే పని అది. ప్రతిసారీ పగిలే ప్రమాదం ఉంటుంది. చివరికి వచ్చే ఆ లోతైన నిగనిగ పింగాణీని, వేడిపాలను గుర్తుచేస్తుంది. అది దానికి వన్నెతెచ్చే విషయమే, ఆ వన్నె వేరే ఋతువుది.

లేతనీలం దగ్గర గందరగోళం ఇంకా ఎక్కువ. 2020 తర్వాత వాచీ ప్రపంచంలో లేతనీలపు డయళ్ల మోజు బాగా పెరిగింది. వాటిలో చాలావాటిని ‘ఐస్ బ్లూ’ అని పిలుస్తున్నారు. కొంచెం జాగ్రత్తగా చూస్తే అందులో సగం మంచు నీలం కావు. పచ్చదనం వైపు ఒరిగిన నీలం కంటికి వేసవి సముద్రంలా, లోతు తక్కువ నీళ్లలా కనిపిస్తుంది. బూడిదరంగు కలిసి, ఛాయ బాగా తగ్గిన నీలమే గడ్డకట్టిన నీరనిపిస్తుంది. రెండు డయళ్లూ పక్కపక్కన పెడితే చిన్నపిల్లలైనా ఏది చల్లన, ఏది వెచ్చన అన్నది చెప్పేస్తారు.

ఈ విషయంలో రోలెక్స్ ఒక నియమం పెట్టుకుంది. దాని ఐస్ బ్లూ డయల్‌ను ప్లాటినం వాచీలకే కేటాయించింది. 2013లో తన డేటోనా మోడల్‌కు 50 ఏళ్లు నిండినప్పుడు ప్లాటినం కేసులో (యంత్రం చుట్టూ ఉండే లోహపు పెట్టె), ఐస్ బ్లూ డయల్‌తో, చెస్ట్‌నట్ గోధుమరంగు సిరామిక్ బెజెల్‌తో (డయల్ చుట్టూ ఉండే వలయం) ఒకటి తెచ్చింది. ఆ గోధుమరంగు చూసి అప్పట్లో చాలామంది ఆశ్చర్యపోయారు. నిజానికి ఆ వాచీని నిలబెట్టింది ఆ గోధుమరంగే. చుట్టూ మంచు, మధ్యలో చెక్క ఇల్లు ఉన్నప్పుడే చలి ఎంతో తెలుస్తుంది. వెచ్చటి రంగు పక్కన లేకపోతే చల్లటి రంగును కన్ను కొలవలేదు. జెనీవాకు చెందిన చాపెక్ 2020లో ‘అంటార్క్‌టిక్’ పేరుతో మొదలుపెట్టిన వాచీల వరసలోనూ మెరుగైనవి ఇలా ఛాయ తగ్గించుకున్న నీలాలే.

నూగుమంచు కథ వేరు. చలికాలం కిటికీ అద్దం మీద, ఎండుటాకుల అంచుల మీద పొడిలా పేరుకునే ఈ మంచును లోహం మీదికి తెచ్చిన పని ఒకటి ఉంది. స్విస్ సంస్థ ఒడెమార్ పిగే 2016లో, తన రాయల్ ఓక్ వాచీల్లో ఆడవాళ్ల రకానికి 40 ఏళ్లు నిండిన సందర్భంగా, నగల డిజైనర్ కరోలినా బూచీతో కలిసి ‘ఫ్రాస్టెడ్ గోల్డ్’ తెచ్చింది. ఇటలీలోని ఫ్లోరెన్స్ స్వర్ణకారుల పాత పద్ధతి అది. వజ్రపు మొన ఉన్న పనిముట్టుతో బంగారం మీద సన్నటి గుంటలు పొడుస్తూ పోతారు. ఒక్క రాయి కూడా పొదగకుండానే కేసు అంతా రవ్వలు చల్లినట్టు మెరుస్తుంది. పసుపు బంగారంలో అది పండగలా ఉంటుంది. తెల్ల బంగారంలోనే మంచు పట్టినట్టు ఉంటుంది. ఇక్కడ కూడా రంగు ఒక్కటే పని చేయలేదు, గుంటలు ఒక్కటే పని చేయలేదు.

రాళ్లు పొదిగి మంచు చూపించే పద్ధతి కూడా ఉంది. ఫ్రెంచిలో దాన్ని ‘సెర్తి నేజ్’, అంటే మంచు పొదుగు అంటారు. స్విస్ సంస్థ జేగర్ లెకూల్ట్ర్ దీనికి బాగా పేరు తెచ్చింది. వేర్వేరు సైజుల వజ్రాలను ముందే గీసుకున్న వరసల్లో కాకుండా, పొదిగేవాడు కంటితో చూసుకుంటూ ఒకదాని పక్కన ఒకటి ఇరికిస్తూ పోతాడు. అడుగు లోహం దాదాపు కనపడదు. వరసలు తీరిన వజ్రాలు నగలా ఉంటాయి, వరస తప్పిన వజ్రాలే మంచులా ఉంటాయి.

ఉల్కను పలుచగా కోసి డయల్ చేస్తే ఎవరూ చెక్కకుండానే నూగుమంచు గీతలు వస్తాయి. ఇనుము, నికెల్ కలిసిన ఆ లోహం అంతరిక్షంలో లక్షల ఏళ్లపాటు నెమ్మదిగా చల్లారుతూ పొడవాటి స్ఫటికాలుగా పెరిగింది. కోసి ఆమ్లంతో కడిగితే ఒకదాన్నొకటి అడ్డంగా కోసుకునే ఆ స్ఫటికాల వరసలు బయటపడతాయి. వాచీలకు ఎక్కువగా వాడే ఉల్కల్లో ఒకటి నమీబియాలో దొరికిన గిబియన్. ఇంకొకటి మువొనియొనలుస్తా, ఉత్తర స్వీడన్‌లో, ఆర్కిటిక్ వలయం లోపల దొరికింది.

పొగమంచును డయల్ మీదికి తెచ్చేవాళ్లు తక్కువ. షాఫ్‌హౌజెన్‌కు చెందిన హెచ్. మోజర్ డయళ్లు మధ్యలో తేటగా, అంచులకు వెళ్లేకొద్దీ చీకటిగా ఉంటాయి. ఈ పద్ధతిని ‘ఫ్యూమే’ అంటారు, అంటే పొగబారినది. బూడిదరంగు ఫ్యూమే డయల్ చూస్తుంటే ఎండ ఇంకా ఎక్కని పొద్దున గుర్తొస్తుంది. తెల్ల సిరామిక్ వాచీల గురించి మాత్రం ఎక్కువ చెప్పుకోవాల్సింది లేదు. షానెల్ జే12 తెల్ల రకం 2003లో వచ్చి ఆ ఫ్యాషన్‌ను నడిపించింది. శుభ్రంగా, గట్టిగా, గీతలు పడకుండా ఉంటుంది. అది మంచుకన్నా తెల్లటి గులకరాయికి దగ్గర.

కొన్ని పేర్లు చూసి మోసపోకూడదు. ఒమేగా 2024లో స్పీడ్‌మాస్టర్ మూన్‌వాచ్‌ను తెల్ల లక్కపూత డయల్‌తో తెచ్చింది. దాని వెనక ‘అలాస్కా ప్రాజెక్ట్’ పేరుతో 1969లో చేసిన నమూనా ఉంది. పేరు వినగానే ధ్రువపు చలి అనుకుంటాం. అలాస్కా అన్నది రహస్యం కోసం పెట్టుకున్న పేరు మాత్రమే. అసలు ఉద్దేశం అంతరిక్షంలో వాడే వాచీ. తెల్ల డయల్ ఎండ తాకిడిని వెనక్కి కొట్టడానికి. అలాగే ట్యూడర్ డైవింగ్ వాచీల ‘స్నోఫ్లేక్’ ముళ్లకూ మంచుకూ సంబంధం లేదు. 1960ల చివర వచ్చిన ఆ పలకల ఆకారపు ముళ్లు నీళ్లలో బాగా కనపడాలని చేసినవి, పేరు తర్వాత జనం పెట్టుకున్నదే.

నిజంగా గడ్డకట్టే చలిలోకి వెళ్లిన వాచీలు చూస్తే చాలా సాదాగా ఉంటాయి. 1952 నుంచి 1954 దాకా సాగిన బ్రిటిష్ నార్త్ గ్రీన్‌లాండ్ యాత్రకు 26 ట్యూడర్ ఆయిస్టర్ ప్రిన్స్ వాచీలు వెళ్లాయి. 1958లో ఉత్తర ధ్రువం కింద నుంచి మంచుగడ్డ అడుగున ప్రయాణించిన అమెరికా జలాంతర్గామి నాటిలస్ కమాండర్ విలియం ఆండర్సన్‌కు జేగర్ లెకూల్ట్ర్ జియోఫిజిక్ వాచీని బహూకరించారు. చలికాలం రంగులు వీటిమీద వెతకనక్కర్లేదు. చలిలో వాచీకి అసలు ఇబ్బంది లోపలి నూనెతో వస్తుంది. అది చిక్కబడితే చక్రాలు బరువెక్కి టైం తప్పుతుంది.

కంటికి కనపడని ఇంకో చలి ఉంది, చర్మానికి తగిలేది. చలికాలం పొద్దున ఉక్కు వాచీ పెట్టుకోగానే చెయ్యి జిల్లుమంటుంది. ఉక్కు కన్నా టైటానియం వేడిని నెమ్మదిగా లాక్కుంటుంది, బరువు కూడా చాలా తక్కువ. స్నోఫ్లేక్ కేసు, పట్టీ రెండూ టైటానియమే. అందుకే చూపుకు ఎంత చల్లగా ఉన్నా చేతికి ఆ జిల్లు తగలదు. ప్లాటినం దీనికి తలకిందులు. నీటికన్నా 21 రెట్లకు పైగా బరువు. చేతికి చల్లగా తగిలి, తాను ఉన్నానని బరువుతో గుర్తుచేస్తూ ఉంటుంది.

శీతాకాలం అంటే తెలుపూ నీలమే అనుకోవడం కూడా పొరపాటు. ఆకురాల్చిన చెట్లు, పొద్దెక్కని రోజులు, నెలలకొద్దీ సాగే ధ్రువపు రాత్రి కూడా దానిలోవే. ఇవాతే ప్రిఫెక్చర్‌లోని స్టూడియో దగ్గరి భూర్జవృక్షాలను చూసి గ్రాండ్ సీకో 2021లో ‘వైట్ బర్చ్’ తెచ్చింది. నిలువుగా చీలిన బెరడులా లోతుగా గీసిన వెండి తెలుపు డయల్ అది. ఆ ఏడాది జెనీవాలో వాచీలకిచ్చే గ్రాండ్ ప్రీ పురస్కారాల్లో మగవాళ్ల వాచీల బహుమతి గెలిచింది. స్వీడన్‌లోని గాస్ సంస్థ డమాస్కస్ ఉక్కు పొరలను వేడిచేసి, చీకటి నీలాలు, ఊదాలు తెప్పించి ఉత్తరాది రాత్రులను చూపిస్తుంది. ముదురునీలం అవెంచురీన్ గాజు డయళ్లలో సన్నటి మెరుపులు చలిరాత్రి నక్షత్రాల్లా కనిపిస్తాయి. చలికాలంలో ఆకాశం తేటగా ఉన్నప్పుడు నక్షత్రాలు ఎలా మెరుస్తాయో చూసినవాళ్లకు ఆ డయల్ గురించి వివరించక్కర్లేదు.

చలికాలాన్ని ఒక్క ముద్దగా చూడకపోవడం జపాన్ పంచాంగంలోనే ఉంది. ఏడాదిని అక్కడ 24 భాగాలు చేస్తారు, అందులో ఆరు శీతాకాలానివి. హేమంతం, శిశిరం అని రెండు పేర్లు పెట్టుకున్న భాషకు ఈ ఆలోచన దగ్గరగానే అనిపిస్తుంది. ఆ ఆరింటిలో ‘తాయ్‌సెత్సు’ అంటే భారీ మంచు, డిసెంబర్ 7 ప్రాంతంలో మొదలవుతుంది. 2019లో గ్రాండ్ సీకో ఆ పేరుతో ఒక బూడిద ఛాయ డయల్ తెచ్చింది. మంచు కురిసిన పొద్దుటి కన్నా, కురవబోయే ముందటి ఆకాశం అందులో ఎక్కువగా కనిపిస్తుంది.

అదే సంస్థ 2021లో తెచ్చిన ఎస్‌బీజీవై007 డయల్ లేతనీలం, దానిమీద అలల్లా గరుకు గీతలు. అది నగానోలోని సువా సరస్సు. సరస్సు పూర్తిగా గడ్డకట్టాక రాత్రి చలికి మంచుపలక కుంచించుకుపోయి పగులుతుంది. పగుళ్లలోకి నీరు ఎక్కి అదీ గడ్డకడుతుంది. పగలు కాస్త వేడెక్కి పలక వ్యాకోచిస్తే, చోటు చాలక, పెద్ద చప్పుడుతో మంచు పైకి లేచి సరస్సు పొడవునా గట్టులా నిలుస్తుంది. దీన్ని ‘ఓమివతారి’ అంటారు, దేవుడు దాటిన దారి అని అర్థం. ఒడ్డున ఉన్న దేవుడు అవతలి ఒడ్డున దేవిని చూడటానికి మంచు మీద నడిచి వెళ్లాడని నమ్మకం. అక్కడి గుడి పూజారులు 1443 నుంచి ఏ ఏడు గట్టు లేచిందో రాసిపెడుతూ వచ్చారు. వాతావరణ శాస్త్రవేత్తలు ఆ దస్త్రాన్ని ఇప్పుడు జాగ్రత్తగా చదువుతున్నారు, ఎందుకంటే ఇటీవలి దశాబ్దాల్లో గట్టు లేవని ఏళ్లే ఎక్కువ. ఇప్పటికీ జనవరి మొదట్లో ‘చిన్న చలి’ మొదలైన రోజు నుంచి ఫిబ్రవరి మొదట్లో వసంతం అడుగుపెట్టే రోజు దాకా, తెల్లవారకముందే పూజారి, ఊరివాళ్లు ఒడ్డుకు వెళ్లి నీళ్ల వంక చూసి వస్తారు. గట్టు లేవని ఏడాదిని కూడా దస్త్రంలో ఎక్కిస్తారు.